వదిలి కుట్టని బట్ట

వూచ్ మిల్లుల్లో మగ్గాల మోత ఆగిపోయాక
నాకు మిగిలినవి రెండే:
సరిగ్గా వినపడని ఎడమ చెవి,
ట్రాము ఆఖరి స్టాపు దాటాక మూడు వందల గజాల తోట.
నలభై ఒకటో నంబరు. నీలం గేటు. ఊడిన గడియ.

జూన్ మొదటి వారం
రాస్ప్‌బెర్రీ ఆకు తిప్పి చూశాను.
అడుగున ఇరవై ఎనిమిది గుడ్లు,
లేత ఆకుపచ్చ పూసలు,
ఒకదాన్నొకటి ఆనుకుని.
అంత ఒద్దికగా నేనే ఎన్నడూ కుట్లు వేయలేదు.

పక్క తోట జెనోన్ కంచె మీంచి అన్నాడు:
"డాలు పురుగులు, బ్రోనియా. సబ్బునీళ్లు కొట్టు.
లేకపోతే పండు నోట పెట్టలేవు, కంపు."
సీసా నింపుకున్నాను కూడా.
కొట్టలేదు. దయ అనుకోకండి.
లెక్క తేలకుండా పని ముగించడం నాకు చేతకాదు.

పిల్లలయ్యాయి.
మిరియాలకి కాళ్లు మొలిచినట్టు నల్లగా, గుండ్రంగా,
పుట్టిన చోటే, ఖాళీ పెంకుల చుట్టూ,
బడి గంట కొట్టినా కదలని పిల్లల్లా.
వారం తిరక్కుండానే
మొదటి చొక్కా చిరిగింది.

ఇక్కడ కాస్త ఆగాలి నేను.
మిల్లు షిఫ్టు అయ్యాక రాత్రిళ్లు
ముప్పై మూడేళ్లు స్కూలు గౌన్లు కుట్టినదాన్ని.
మా మెట్లెక్కి వచ్చిన ప్రతి తల్లిదీ ఒకటే మాట:
"ఎదిగే పిల్ల, కాస్త వదిలి కుట్టు."
రెండు వేళ్ల గుడ్డ అంచులో మడిస్తే
రెండేళ్లు వచ్చేది.
ఆ మడత విప్పిన చోట రంగు వెలవక
కొత్తగా ఒక గీత.
ఆ గీత చూసి ఏడ్చిన తల్లినీ ఎరుగుదును.

వీటికెవరూ వదిలి కుట్టలేదు.
తొడిగిన నాలుగు రోజులకే బిగుతు.
ఆకు అంచున తలకిందులుగా వేలాడి
వీపు నడిమి కుట్టు తనే పిగిల్చి,
ఒక్కో కాలూ లాక్కుని,
మెల్లగా.
బయటపడ్డ ఒళ్లు పాలిపోయి మెత్తగా
గంజి పెట్టని గుడ్డలా.
అది గట్టిపడేదాకా చీమ కూడా ఏనుగే.

జూలైలో జెనోన్ మనవరాలొచ్చింది. కాలీనా.
తొమ్మిదేళ్లు, ఒక కమ్మీ విరిగిన కళ్లద్దాలు.
చిక్కుడు తీగ మీద తాత బొటనవేలు
నల్లటి, నారింజ మచ్చల పురుగుని నలపబోతుంటే
వీధి వినేలా అరిచింది:
"తాతా! అది అక్షింతల పురుగు పిల్ల!"
బొటనవేలు గాలిలోనే నిలిచింది.
ముప్పై వేసవులుగా
ఆ బుల్లి మొసళ్లని నలిపిన వేలు అది.
"ఈ ఏడూ అక్షింతల పురుగులు రాలేదు,
పేనంతా తీగ మీదే" అని
ప్రతి ఏడూ వాపోయిన నోరూ ఆయనదే.
ఏమీ అనలేదు. లోపలికెళ్లి టీ కాచాడు.
నాకూ ఓ గ్లాసు తెచ్చాడు, చక్కెర మరిచి.

నా మిరియాలు ఈలోగా పచ్చబడ్డాయి.
నల్ల అంచు పచ్చ చొక్కా. మూడోది. నాలుగోది.
కొన్నిటిని సాలీడు తీసుకెళ్లింది,
కొన్నిటిని వాన.
విడిచిన కుబుసాలని కాలీనా
నా బొత్తాల డబ్బాలో దాస్తోంది,
ఊపిరి తగిలితే ఎగిరిపోతాయని
నోరు మూసుకుని.

అయిదో చొక్కా రోజు అద్దాలు తుడుచుకు చూశాను.
భుజాల దగ్గర రెండు చిన్న మడతలు.
ఇంకా తెరవనివి.
ఇందాక నేనన్న మాట తప్పు.
ఎవరో వదిలే కుట్టారు.
అంచులో కాదు, వీపు మీద.

సెప్టెంబరుకి ఏడు మిగిలాయి.
పళ్లలో సగం నిజంగానే కంపు.
సబ్బునీళ్లతో టీ గ్లాసులు కడిగేశాను.
ఒక సాయంత్రం ఆఖరిది
కొత్త రెక్కల మీద గరగరా ఎగిరి
వెళ్లి వెళ్లి జెనోన్ కంచె మీదే వాలింది.
ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు.
రెండు చేతులూ
జేబుల్లో పెట్టుకున్నాడు.